పగులు కనబడాలి, మెయిల్ వెళ్లాలి: ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ఫొటోల సైజు తగ్గించిన కేసు

విశాఖపట్నంలో పాత అపార్ట్‌మెంట్లను పరీక్షించి, ఎక్కడ మరమ్మతు అవసరమో రిపోర్టు రాసిచ్చే ఒక చిన్న కన్సల్టెన్సీ ఉంది. చిన్న ఆఫీసుల కంప్యూటర్లు, మెయిల్, బ్యాకప్ వ్యవహారాలు చూసిపెట్టడం నా వృత్తి. ఆ కన్సల్టెన్సీ వాళ్లు నన్ను పిలిచి చెప్పిన సమస్య ఒక్క ముక్కలో ఇదీ: "సైట్ ఫొటోలు మెయిల్‌లో పోవట్లేదండీ. పోయినవి పనికిరావట్లేదు."

మొదటి సగం అందరికీ తెలిసిన సమస్యే. నా దృష్టి రెండో సగం మీద పడింది. ఫొటో సైజు తగ్గించడానికి ఫోన్‌లో ఏ యాప్ అయినా చాలు. తగ్గించాక ఆ ఫొటోలో చూడాల్సింది కనబడుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఈ కేసులో చూడాల్సింది కాంక్రీటు మీద వెంట్రుకంత సన్నటి పగులు.

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ఈ పగుళ్లకు ప్రాధాన్యం ఎక్కువ. ఉప్పుగాలిలోని క్లోరైడ్లు మెల్లగా కాంక్రీటులోకి దిగి లోపలి ఊచలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి పై కాంక్రీటును లోపలి నుంచి నెడుతుంది. ముందు ఊచ వెంబడి సన్నగా చీలిక వస్తుంది, తర్వాత పెచ్చులు రాలతాయి. చీలిక దశలో పట్టుకుంటే ఖర్చు తక్కువ, ప్రమాదమూ తక్కువ. అందుకే వాళ్ల రిపోర్టులకు ఫొటోలే ప్రాణం.

ఆ ఫొటోలు ముగ్గురికి వెళ్లాలి. ఒకరు హైదరాబాద్‌లో ఉండే రిటైర్డ్ ప్రొఫెసర్. రిపోర్టు బయటికి వెళ్లే ముందు ఆయనే చూసి ఓకే చెబుతారు. రెండోది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. ఈయన అన్నీ ఫోన్‌లోనే చూస్తారు. మూడోది ఫ్లాట్ ఓనర్లు. వీళ్లలో కొందరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. మరమ్మతుకు తమ వాటా డబ్బు కట్టే ముందు కంటితో చూడాలనుకుంటారు. అది న్యాయమైన కోరికే.

అప్పటిదాకా ఏం చేస్తున్నారు

నేను సైజు గురించి ఒక్క మాటా చెప్పక ముందు, ఎవరెవరు ఎలా పంపుతున్నారో పక్కన కూర్చుని చూశాను. ముగ్గురు ఇంజనీర్లు మూడు దారుల్లో వెళ్తున్నారు.

ఒకతను ఫొటోలన్నీ జిప్ చేసి అటాచ్ చేస్తున్నాడు. జిప్ చేసినా సైజు దాదాపు అంతే ఉంటోంది. ఎందుకంటే జేపెగ్ ఫొటో అప్పటికే కుదించిన ఫైలు, జిప్‌కు అందులో పిండడానికి ఇంకేం మిగలదు. ఒకే ఫైలుగా చుట్టడానికి జిప్ పనికొస్తుంది, బరువు మాత్రం తగ్గదు.

రెండో అతను ఫొటోలను ఆఫీసు చాట్ గ్రూపులో పెట్టి, అక్కడి నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసి మెయిల్‌కు తగిలిస్తున్నాడు. చాట్ యాప్‌లు ఫొటోను ఫొటోగా పంపినప్పుడు బాగా కుదించేస్తాయి, కాబట్టి మెయిల్ సాఫీగా వెళ్తోంది. ప్రొఫెసర్‌గారు మాత్రం "ఏమయ్యా, పగులు అని బాణం గీశావు, బాణం కింద ఏమీ లేదే" అంటున్నారు. దానికి తోడు ఫొటో ఎప్పుడు తీశారన్న సమాచారం కూడా ఆ దారిలో రాలిపోతోంది.

మూడో ఆవిడ గ్యాలరీలో ఫొటో తెరిచి స్క్రీన్‌షాట్ తీస్తోంది. ఇది నేను చాలా ఆఫీసుల్లో చూశాను. స్క్రీన్ వెడల్పుకు కుదించుకుపోతుంది కాబట్టి సైజు తగ్గినట్టే ఉంటుంది. కానీ కొన్ని ఫోన్లు స్క్రీన్‌షాట్‌ను పీఎన్‌జీగా దాస్తాయి. పీఎన్‌జీలో ఒక్క పిక్సెల్ సమాచారం కూడా పోదు. అక్షరాలకు, గీతలకు అది చాలా బాగుంటుంది, గరుకు గోడ ఫొటోకు మాత్రం దండగ బరువు. చిన్నదైపోయిన ఫొటో మళ్లీ బరువెక్కి కూర్చుంటుంది.

వీళ్లలో ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. మెయిల్ వెనక్కొస్తే పని ఆగిపోతుంది, సైట్ దగ్గర ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. ఆ టెన్షన్‌లో చేతికి అందిన దారి పట్టుకున్నారు. ఒక పద్ధతి అంటూ ఎవరూ కూర్చుని ఆలోచించలేదు, అంతే.

మెయిల్‌లో నిజంగా ఎంత పడుతుంది

"జీమెయిల్‌లో 25 ఎంబీ కదండీ లిమిట్, మేము 20 ఎంబీయే పెట్టాం, అయినా పోలేదు" అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి తెలియదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ఈ-మెయిల్ పుట్టింది అక్షరాలు పంపడానికి. ఫొటోలాంటి ఫైలును ఆ దారిలో పంపాలంటే ముందు అక్షరాలుగా మార్చాలి. బేస్64 అనే పద్ధతి ఈ పని చేస్తుంది. ఫైల్‌లోని ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా రాస్తుంది. అంటే అక్కడికక్కడే మూడో వంతు బరువు పెరుగుతుంది. ప్రతి 76 అక్షరాలకూ ఒక లైన్ తెంపు ఉంటుంది, దానికి ఇంకో రెండు బైట్లు. మొత్తం కలిపితే దాదాపు 37 శాతం పెరుగుదల. మీ కంప్యూటర్‌లో 20 ఎంబీ కనిపించే ఫొటోలు దారిలో 27 ఎంబీ దాటుతాయి. ఒక సర్వర్ మొత్తం మెయిల్ బరువుకు 25 ఎంబీ లిమిట్ పెడితే, అందులో నిజంగా పట్టే ఫొటోలు 18 ఎంబీ చిల్లర.

పంపేవాళ్ల లిమిట్ చూసుకుంటే సరిపోదు, అందుకునేవాళ్ల సర్వర్‌కూ ఒక లిమిట్ ఉంటుంది. ప్రొఫెసర్‌గారు వాడేది ఒక సంస్థ ఇచ్చిన పాత మెయిల్ అడ్రసు. వెనక్కొచ్చిన మెయిల్‌లో 552, 5.3.4 అన్న నంబర్లు ఉన్నాయి. ఆఫీసులో ఎవరూ ఆ మెయిల్‌ను కిందిదాకా చదవలేదు, ఇంగ్లిష్‌లో పొడుగ్గా ఉంటుంది కదా. 5.3.4 అంటే "ఈ మెయిల్ మా సర్వర్‌కు మరీ పెద్దది" అని అర్థం. అడ్రసు తప్పయితే 5.1.1 వస్తుంది, ఇన్‌బాక్స్ నిండితే 5.2.2 వస్తుంది. మెయిల్ వెనక్కి వస్తే ముందు మధ్యలో చుక్కలున్న ఆ మూడంకెల కోడ్ వెతకండి, సగం విషయం అక్కడే తేలిపోతుంది.

ఆ సంస్థ లిమిట్ 10 ఎంబీ. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌ను సొంతంగా పెట్టుకున్న చోట ఎవరూ మార్చకపోతే ఉండేది అదే. కాబట్టి మేము లెక్కలోకి తీసుకోవాల్సింది అన్నిటికన్నా ఇరుకైన ఆ 10 ఎంబీనే. దారిలో పెరిగే 37 శాతాన్ని లెక్కలోకి తీసుకుంటే ఫొటోలకు మిగిలేది 7.3 ఎంబీ. ఇక నుంచి ఒక్క మెయిల్‌లో ఫొటోలన్నీ కలిపి 7 ఎంబీ దగ్గరే ఆపాలని రాసుకున్నాం.

డ్రైవ్ లింకు పంపొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటితే జీమెయిల్ తనే లింకుగా మార్చేస్తుంది. లింకుకు అనుమతి సరిగ్గా పెట్టకపోతే అవతలివాళ్లు తెరవలేరు. పెట్టినా, మూడేళ్ల తర్వాత అసోసియేషన్‌లో గొడవ వచ్చి పాత రిపోర్టు వెతికితే, మెయిల్ ఉంటుంది గానీ లింకు వెనక ఫొటో ఉంటుందన్న హామీ లేదు. రిపోర్టులో ఆధారంగా చూపే ఫొటో మెయిల్‌తోనే ఉండాలన్నది నా అభిప్రాయం. ఒరిజినల్స్ మొత్తం అడిగితే అప్పుడు లింకు సరైన దారి.

పగులు లెక్క

ఇప్పుడు అసలు విషయం. వాళ్ల ఫోన్లలో మామూలుగా వచ్చేది 12 మెగాపిక్సెల్ ఫొటో, అంటే 4000 × 3000, కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఫైలు సుమారు 4 ఎంబీ. ఒక్క సైట్‌కు నలభై ఫొటోలు తీశారనుకోండి, 160 ఎంబీ. 7 ఎంబీలో అది పట్టాలంటే తగ్గించాల్సిందే. దేన్ని తగ్గించాలి, దేన్ని ముట్టుకోకూడదు?

దీనికి ఇంజనీర్లతో కలిసి కాగితం మీద ఒక లెక్క వేశాం. నన్నడిగితే ఈ కేసు మొత్తానికీ ఇదే గుండెకాయ.

మూడు మీటర్ల వెడల్పు గోడను ఒకే ఫొటోలో తీస్తే, 4000 పిక్సెల్స్‌కు 3000 మిల్లీమీటర్లు. ఒక పిక్సెల్ అంటే 0.75 మి.మీ. ఇప్పుడు పగులు ఎంత? కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో వాడే ఐఎస్ 456:2000 కోడ్‌లో పగులు వెడల్పు మామూలుగా 0.3 మి.మీ. దాటకూడదని ఉంది. ఎప్పుడూ తడిలో ఉండే భాగాలకు, మట్టికి తగిలే భాగాలకు 0.2. 'సివియర్', అంటే తీవ్రమైన, వాతావరణానికి 0.1. సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును కోడ్ ఆ సివియర్ కిందే చూపుతుంది. బీచ్ వైపు బాల్కనీలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

అంటే గోడ మొత్తం తీసిన ఫొటోలో, అసలు కుదించకముందే, 0.3 మి.మీ. పగులు సగం పిక్సెల్ కూడా లేదు. చుట్టూ తెల్లటి సున్నం ఉంటే ముదురు గీతలా లీలగా కనబడొచ్చు, వెడల్పు ఎంతో మాత్రం తెలియదు. దాన్ని 1600 పిక్సెల్స్‌కు కుదిస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు 1.9 మి.మీ. అవుతుంది. పగులు అందులో ఆరో వంతు. పక్కనున్న గోడ రంగులో కలిసిపోతుంది. ప్రొఫెసర్‌గారి బాణం కింద ఏమీ లేకపోవడానికి కారణం ఇదే. తప్పు కుదించిన యాప్ ఒక్కదానిదే కాదు. ఆ దూరం నుంచి తీసిన ఫొటో నుంచి పగులు వెడల్పు ఆశించకూడదు.

ఇక దగ్గర ఫొటో. ఫోన్‌ను గోడకు జానెడు కంటే తక్కువ దూరంలో పెట్టి తీస్తే సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. 200 మిల్లీమీటర్లకు 4000 పిక్సెల్స్, ఒక పిక్సెల్ 0.05 మి.మీ. 0.3 పగులుకు ఆరు పిక్సెల్స్, 0.1 పగులుకు రెండు. ఈ ఫొటోను 1600కు కుదిస్తే 0.3 పగులు రెండున్నర పిక్సెల్స్ దగ్గర నిలబడుతుంది, 0.1 పగులు ఒక్క పిక్సెల్ కన్నా తక్కువైపోతుంది.

కుదించకుండా కోస్తే? పగులు, దాని పక్కన పెట్టిన కొలత కార్డు (వేర్వేరు మందాల గీతలు గీసిన చిన్న అట్ట) ఉన్న నడిమి 8 సెంటీమీటర్ల భాగాన్ని మాత్రం క్రాప్ చేస్తే వచ్చేది సరిగ్గా 1600 పిక్సెల్స్. సైజు చూస్తే కుదించిన ఫొటో అంతే. పగులు మాత్రం చెక్కుచెదరలేదు, ఆరు పిక్సెల్స్ ఆరూ అలాగే ఉన్నాయి.

ఇక్కడితో నిర్ణయం తేలిపోయింది. ఎక్కడ ఉందో చూపే ఫొటోలను కుదించాలి. ఎంత ఉందో చూపే ఫొటోలను కుదించకుండా కోయాలి. సైట్ ఇంజనీర్లకు ఈ రెండు రకాలూ చూడగానే తెలుస్తాయి, వాళ్లకు వేరే శిక్షణ అక్కర్లేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. లెక్కలో వచ్చే పిక్సెల్ సైజూ, ఫోన్ లెన్స్ నిజంగా చూపే వివరమూ ఒకటి కావు. చేయి వణికినా, వెలుతురు చాలకపోయినా రెండు పిక్సెల్స్ గీత మసకబారుతుంది. కాబట్టి కొలత సైట్‌లోనే కార్డుతో తీసుకుని కాగితం మీద రాయాలి. ఫొటో ఆ కొలతకు సాక్ష్యం. ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచే పని పెట్టుకోవద్దని ప్రొఫెసర్‌గారు గట్టిగా చెప్పారు, నేనూ ఒప్పుకుంటాను.

జేపెగ్ ఏం పారేస్తుంది

పిక్సెల్స్ సంఖ్య ఒక మీట అయితే, జేపెగ్‌గా దాచేటప్పుడు పెట్టే క్వాలిటీ నంబరు రెండో మీట. "85 అంటే 85 శాతం మిగులుతుందా సార్?" అని ఒక ఇంజనీర్ అడిగింది. కాదు. అది శాతం కాదు, ఒక సెట్టింగు మాత్రమే. ఒక ప్రోగ్రామ్‌లో 80, ఇంకో ప్రోగ్రామ్‌లో 80 ఒకేలా ఉండనక్కర్లేదు. ఫొటోషాప్‌లో అయితే 0 నుంచి 12 దాకా వేరే కొలబద్దే ఉంటుంది.

జేపెగ్ ఫొటోను 8 × 8 పిక్సెల్స్ గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలోని వెలుగు మార్పులను నెమ్మదైన అలలు, వేగమైన అలల కలయికగా రాసుకుంటుంది. మన కంటికి అంతగా ఆనని వేగమైన అలల అంకెలను ముందుగా రౌండ్ ఆఫ్ చేసి పారేస్తుంది. ఆ విడదీసే గణితాన్ని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అంటారు. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. అంతకుముందు 1972లో ఈ ఆలోచన మీద పనిచేయడానికి అహ్మద్ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే ఇవ్వలేదు. ఆయన ఆపకుండా కొనసాగించారు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణానికి అదే పునాది. ఈ ముగ్గురు పేర్లూ మన ఇంజనీరింగ్ పిల్లలకు ఇంకా బాగా తెలియాలని నా కోరిక.

మా పనికి ఇందులో రెండు పర్యవసానాలు ఉన్నాయి. సన్నటి ముదురు గీత అంటేనే వేగమైన అల. క్వాలిటీ బాగా తగ్గిస్తే పారేసే సరుకులో ముందుండేది మనకు కావాల్సిన పగులే. గీత పోకపోయినా దాని రెండు పక్కలా నీటి అలల్లాంటి మరకలు లేస్తాయి, పగులు ఉన్నదానికన్నా వెడల్పుగా కనబడుతుంది. ఇది మరింత ప్రమాదం. లేని నష్టాన్ని ఫొటో చూపినట్టవుతుంది.

రెండోది రంగు. చాలా ప్రోగ్రామ్‌లు వెలుగును పూర్తి వివరంతో ఉంచి, రంగును అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతోనే దాస్తాయి. తుప్పు మరక పెద్దది కాబట్టి దానికి ఏం కాదు. కానీ ఇంజనీర్లు పగులు పక్కన ఎర్ర మార్కర్‌తో సన్నగా నంబర్లు రాస్తున్నారు. బూడిద రంగు కాంక్రీటు మీద సన్నటి ఎర్ర గీతలు కుదించగానే అలుక్కుపోతున్నాయి. నల్ల మార్కర్‌కు మార్చాం. ఖర్చు లేదు, ఆ సమస్య అక్కడితో పోయింది.

క్వాలిటీ ఎంత పెట్టాలన్నది నేను తేల్చలేదు, ప్రొఫెసర్‌గారి చేత తేల్పించాం. ఒకే పగులు ఫొటోను వేర్వేరు క్వాలిటీల్లో దాచి, ఏది ఏదో చెప్పకుండా పంపి, కార్డు మీద ఏ గీతతో పగులు సరిపోతోందో రాయమన్నాం. 95కీ 85కీ ఆయన తేడా పట్టలేదు. 75 దగ్గర చదవగలిగారు, కానీ "అంచు నమ్మకంగా లేదు" అని పక్కన రాశారు. 60 వద్దన్నారు. అలా 85 ఖాయమైంది. 95 నుంచి 85కు దిగితేనే ఫైలు సగానికి దగ్గరగా వస్తుంది కాబట్టి అది మంచి బేరమే. ఫొటోను వాడేవాళ్ల కళ్లతో పరీక్ష పెట్టకుండా క్వాలిటీ నంబరు ఎవరికీ చెప్పకూడదన్నది నా నియమం.

ఆఫీసులో పెట్టిన పద్ధతి

ఆఫీసు కంప్యూటర్లు విండోస్‌వి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఇమేజ్ రీసైజర్ ఉంది. ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే చాలు, ఒక్కసారే అన్నీ కుదిస్తుంది. ఇర్ఫాన్‌వ్యూ కూడా నాకు బాగా ఇష్టమైన ప్రోగ్రామే, బ్యాచ్ పనికి దానంత వేగమైనది తక్కువ. అయితే అది సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి వాడితే లైసెన్స్ కొనాలి. చాలా ఆఫీసులు ఈ విషయం చూసుకోవు. ఆన్‌లైన్‌లో ఫొటో అప్‌లోడ్ చేస్తే కుదించిచ్చే సైట్లు వద్దన్నాను. అవి ఎవరి ఇళ్ల లోపలి ఫొటోలో, ఏ సర్వర్‌కు వెళ్తాయో మన చేతిలో ఉండదు.

ఎక్కడ ఉందో చూపే ఫొటోలకు పొడుగు వైపు 1280 పిక్సెల్స్, క్వాలిటీ 85. చిన్న ఫొటో పొరపాటున పెద్దదిగా సాగకుండా 'చిన్నది చేయి, పెద్దది చేయకు' అన్న టిక్ పెట్టాం. ఇవి సుమారు 350 కేబీ దగ్గర వస్తున్నాయి. బిల్డింగ్ ముందు వైపు, పైన ఆకాశం ఉన్న ఫొటో అయితే ఇంకా తేలిక, ప్లాస్టరింగ్ లేని గరుకు కాంక్రీటు అయితే ఇంకా బరువు. నున్నటి భాగంలో రాయాల్సిన వివరం తక్కువ, గరుకులో ఎక్కువ, అందుకే ఈ తేడా. అన్ని ఫొటోలకూ ఒకే కేబీ రావాలని పట్టుబట్టకూడదు.

పగులు ఫొటోలను కోసి, 1600 దగ్గర ఉంచి, అదే 85లో దాస్తారు. ఒక్కోటి 600 కేబీ లోపు. 10 పెద్ద దృశ్యాలు, 6 పగుళ్లు కలిపితే 7.1 ఎంబీ. అనుకున్న 7 దగ్గరే ఉంది, 7.3 లోపలా ఉంది. అంతకంటే ఎక్కువుంటే ఫ్లోరుకు ఒక మెయిల్ చొప్పున, సబ్జెక్ట్‌లో ఫ్లోరు నంబరు వేసి పంపుతారు. 1600 పిక్సెల్స్ ఫొటోను రిపోర్టులో 15 సెంటీమీటర్ల వెడల్పున ప్రింటు తీసినా అంగుళానికి 270 చుక్కలు వస్తాయి, కాగితం మీద చక్కగా ఉంటుంది.

క్రాప్ చేసే పని వర్డ్‌లో చేయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. వర్డ్‌లో కోసిన ముక్క కంటికి కనబడదు గానీ ఫైల్‌లోనే ఉండిపోతుంది. 'కంప్రెస్ పిక్చర్స్'లో కోసిన భాగాలు తీసేయమని టిక్ పెడితేనే పోతుంది. బరువు తగ్గకపోవడం ఒక ఎత్తు, ఎవరి బెడ్‌రూమో కోసేశామనుకున్న భాగంలో ఉండి బయటికి వెళ్లడం ఇంకో ఎత్తు.

ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్‌ను ఎవరూ ముట్టుకోరు. కుదించినవన్నీ పక్కన 'మెయిల్' అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి, అదే పేరుతో చివర చిన్న గుర్తుతో. మళ్లీ చిన్నవి కావాలంటే ఒరిజినల్ నుంచే చేయాలి. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు.

పక్కకు పడుకున్న పిల్లర్

ఈ కేసులో నన్ను బాగా ఆలోచింపజేసినది ఇది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే దాచి, 'చూపేటప్పుడు తిప్పి చూపు' అని ఒక గుర్తు పెడతాయి. కొన్ని పాత ప్రోగ్రామ్‌లు, కొన్ని మెయిల్ పేజీలు ఆ గుర్తును చదవవు. కుదించేటప్పుడు ఆ గుర్తు రాలిపోవడమూ జరుగుతుంది. అప్పుడు ఫొటో పక్కకు పడుకుంటుంది.

పెళ్లి ఫొటో అయితే తల తిప్పి చూస్తాం. పిల్లర్ మీద పగులు దగ్గర తీసిన ఫొటోలో పైదేదో కిందిదేదో తెలిపే గుర్తే ఉండదు. నిలువు పగులు ఊచ తుప్పును సూచిస్తే, అడ్డ పగులు వేరే కథ చెబుతుంది. ఫొటో తొంభై డిగ్రీలు తిరిగిందంటే రోగ నిర్ధారణే మారిపోయే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దీనికి దారులున్నాయి, కానీ అందుకునేవాళ్ల దగ్గర ఏ ప్రోగ్రామ్ ఉందో మనకు తెలియదు. అందుకని పని సైట్‌లోనే పెట్టాం. పగులు పక్కన పెట్టే కార్డు మీద పైకి చూపే నల్ల బాణం గీయించాం. ఇక ఫొటో ఎటు తిరిగినా బాణం నిజం చెబుతుంది.

తేదీ, లొకేషన్ సంగతి కూడా ఇక్కడే. తీసిన తేదీ, సమయం ఫొటో లోపల ఎగ్జిఫ్ అనే భాగంలో ఉంటాయి. ఆధారంగా చూపే ఫొటోకు అది ఉండాలి, కాబట్టి రీసైజర్‌లో మెటాడేటా, అంటే ఈ లోపలి వివరాలు, తీసేసే టిక్ పెట్టలేదు. కానీ లొకేషన్ ఆన్‌లో ఉంటే అదే చోట జీపీఎస్ అంకెలు కూడా ఉంటాయి. ప్రొఫెసర్‌గారికి పంపేవాటికి పర్వాలేదు. ఓనర్ల గ్రూపంతటికీ వెళ్లే మెయిల్‌లో ఒకరి ఫ్లాట్ లోపలి ఫొటోలకు అవి అనవసరం. వాటికి ముందు కాపీ చేసుకుని, విండోస్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్లి, ఆ కాపీలోంచి ఆ జీపీఎస్ వివరాలు మాత్రం తీసేసి పంపుతున్నారు.

తర్వాత

మెయిల్స్ వెనక్కి రావడం ఆగింది. అది ఎలాగూ అనుకున్నదే. నాకు సంతృప్తినిచ్చింది ప్రొఫెసర్‌గారి జవాబుల్లో వచ్చిన మార్పు. ఇదివరకు "ఫొటో స్పష్టంగా లేదు, మళ్లీ పంపండి" అని ఒక్క వాక్యం వచ్చేది. ఇప్పుడు "మూడో ఫ్లోర్ బాల్కనీ బీమ్‌లో రెండో పగులు ఊచ వెంబడే ఉంది, అక్కడ కవర్ (ఊచ మీది కాంక్రీటు) తట్టి చూడండి" అని పనికొచ్చే మాట వస్తోంది. సెక్రటరీగారు కూడా ఫోన్‌లో వేలితో పెద్దది చేసి ఓనర్లకు చూపించగలుగుతున్నారు.

సైట్‌లో ఒక్క పగులుకు రెండు ఫొటోలు తీయాలి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. మొదట్లో ఇది అదనపు పని అన్నారు. మళ్లీ సైట్‌కు వెళ్లి తీసే పని తప్పింది కాబట్టి ఇప్పుడు ఎవరూ ఆ మాట అనడం లేదు.

రెండు సమస్యలు మిగిలాయి. ఒక ఇంజనీర్ ఐఫోన్ కొన్నాడు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫొటోలను జేపెగ్ బదులు హెచ్ఈఐసీ అనే రూపంలో దాస్తుంది. అదే ఫొటో దాదాపు సగం సైజులో వస్తుంది, మంచి పద్ధతే. కానీ ప్రొఫెసర్‌గారి కంప్యూటర్‌లో అది తెరుచుకోలేదు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టించాం, అప్పటి నుంచి జేపెగ్‌లోనే వస్తున్నాయి. ఫోన్‌లో జాగా కొంచెం ఎక్కువ తింటుంది, ఆఫీసు పనికి అది ఒప్పుకోదగ్గదే.

రెండోది ఇంకా నడుస్తోంది. కొత్త ఫోన్లలో 50 మెగాపిక్సెల్ మోడ్ ఉంటుంది, ఒక్క ఫొటోయే 10 ఎంబీ దాటొచ్చు. మామూలుగా ఆ మోడ్ ఆపి ఉంచమన్నాను. కానీ దగ్గరికి వెళ్లలేని చోట, అంటే ఓవర్‌హెడ్ ట్యాంకు కింది భాగంలోనో ఐదో ఫ్లోరు సన్‌షేడ్ అడుగునో, ఆ మోడ్‌లో తీసి కోస్తే పగులు వివరం నిజంగా పెరుగుతుందా అన్న ప్రశ్న ఇంజనీర్లు వేశారు. మంచి వెలుతురులో కొంత పెరిగినట్టుంది, నీడలో తీసినవాటిలో మసక తప్ప మరేం కలిసినట్టు లేదు. వెలుతురు ఉన్న చోట, లేని చోట ఒకే పగులును రెండు మోడ్‌లలోనూ తీయిస్తున్నాం. ఆ ఫొటోలను ఏది ఏదో చెప్పకుండా మళ్లీ ప్రొఫెసర్‌గారి ముందు పెట్టబోతున్నాం.